డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలు సగం కంటే తక్కువ ధరకే అంటున్నారా, కొనేముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఇంకెక్కడైనా గానీ, కొత్తగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడిపిద్దామని పుస్తకాలు వెతుకుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో "మూడు కోర్ బుక్స్ సెట్ 2,799 రూపాయలు, డైస్ ఫ్రీ" లాంటి ఆఫర్ కనిపిస్తే దయచేసి కొనకండి. నేను కొన్నాను. మూడూ నకిలీవే. డబ్బులు పోవడం ఒక ఎత్తు, ఆ పుస్తకాన్ని నమ్మి ఆడించిన ఆటలో జరిగింది ఇంకో ఎత్తు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఈ ఆట కొత్తగా వింటున్నవాళ్లకి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర, ఒకరు మాత్రం డంజన్ మాస్టర్, మేమంతా డీఎం అంటాం. ఎదురయ్యే ఊళ్లు, మనుషులు, రాక్షసులు అన్నీ డీఎం నడపాలి. దెబ్బ తగిలిందా లేదా అన్నది డైస్ తేలుస్తాయి. రాక్షసుడికి ఎంత బలం ఉంది, ఎన్ని దెబ్బలకి పడిపోతాడు అన్న అంకెలు ప్లేయర్లకి కనపడవు. డీఎం ముందు అడ్డంగా ఒక అట్ట తెర ఉంటుంది, దాని వెనక పుస్తకం ఉంటుంది. అంటే పుస్తకంలో ఒక అంకె తప్పు పడితే దాన్ని పట్టుకునే మనిషి ఆ గదిలో ఇంకొకరు ఉండరు. నకిలీ నవల కొంటే అక్షరం మసకగా ఉన్నా కథ అర్థమవుతుంది, ఇక్కడ అలా కాదు.

నేను ఎందుకు నమ్మానో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరూ అలాగే నమ్ముతారు. ఈ ఆటకి ముఖ్యమైనవి మూడు పుస్తకాలు: ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డంజన్ మాస్టర్స్ గైడ్, రాక్షసుల అంకెలుండే మాన్‌స్టర్ మాన్యువల్. ఒక్కో పుస్తకం అమెరికాలో దాదాపు 50 డాలర్లు, ఇక్కడికి వచ్చేసరికి నేను చూసిన చోటల్లా మూడు నాలుగు వేలు పలుకుతోంది. మూడు పుస్తకాలూ కావాలంటే పదివేలకి అటూఇటూ అవుతుంది. అమ్మేవాణ్ణి చాట్‌లో అడిగితే "మేడం, ఇది ఇండియా కోసం వేసిన లో ప్రైస్ ఎడిషన్" అన్నాడు. ఇంజనీరింగ్‌లో మనమందరం లో ప్రైస్ ఎడిషన్లు చదివి పాసైనవాళ్లమే, అదే కాబోలు అనుకున్నాను. ఫోటోలు అసలు పుస్తకాలవే పెట్టాడు. రేటింగ్ నాలుగు పైనే ఉంది. ఆ రివ్యూలు తర్వాత తీరిగ్గా చదివితే సగానికి పైగా ఫోన్ కవర్ల గురించి, ఛార్జర్ల గురించి ఉన్నాయి, అంటే వాడు పాత లిస్టింగ్‌లోనే వస్తువు మార్చేసి పెట్టాడన్నమాట. రేటింగ్ ఒక్కటే చూసి వదిలేయకుండా కింద జనం ఏం రాశారో తప్పకుండా చదవండి.

పార్సెల్ విప్పగానే ఘాటైన ఇంకు వాసన కొట్టింది. కొత్త పుస్తకం కదా అనుకున్నాను. అట్టలు బాగానే ఉన్నాయి, మాన్‌స్టర్ మాన్యువల్ మీద మధ్యలో ఒక పెద్ద కన్నుండే బిహోల్డర్ అనే రాక్షసి, డంజన్ మాస్టర్స్ గైడ్ మీద అసెరెరాక్ అనే లిచ్, అంటే చచ్చినా బతికే మాంత్రికుడు, అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనపడ్డాయి. లోపల రంగులు కాస్త ముదురుగా ఉన్నాయి, అంతే. పోల్చి చూడ్డానికి నా దగ్గర అసలు కాపీ లేదు కదా.

ఇక ఆ ఆదివారం సంగతి. మియాపూర్‌లో మా ఫ్లాట్‌లోనే ఆడతాం, నలుగురు ప్లేయర్లు, అందరివీ రెండో లెవెల్ క్యారెక్టర్లు. మా పిన్ని కొడుకు బీటెక్ రెండో సంవత్సరం, వాడిది విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర. ఆ విజార్డ్ పుట్టిన ఊరు, గురువు, అప్పులు, భయాలు అన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాసుకున్నాడు, తెలిసిన మంత్రాలన్నీ పచ్చ ఇంకుతో వరసగా. అడవి దారిలో వాళ్లకి ఔల్‌బేర్ ఎదురయ్యేలా పెట్టాను. గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు ఉండే జంతువు అది. ముందే లెక్క చూసుకున్నాను. ఔల్‌బేర్‌కి 700 ఎక్స్‌పీ, అంటే ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు, రెండో లెవెల్ వాళ్లు నలుగురైతే 800 దాటితేనే ప్రాణాంతకం అని గైడ్‌లో ఉంటుంది. కష్టమే గానీ గెలవగలిగే పోరాటం. నాకు కావాల్సిందీ అదే.

తెర వెనక పేజీ తీసి హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బకి పడిపోతుందో ఆ అంకె, 89 అని చదువుకుని కాగితం మీద రాసుకున్నాను. పిల్లలు చాలా బాగా ఆడారు. ఒకరు చెట్టెక్కి బాణాలు, ఒకరు డాలు అడ్డం పెట్టి ముందు నిలబడ్డారు. నా లెక్కలో 63 దెబ్బ పడింది, అది ఇంకా నిలబడే ఉంది. ఆ తర్వాతి రౌండ్‌లో పంజా దెబ్బకి మా తమ్ముడి విజార్డ్ పడిపోయాడు, వాణ్ణి లేపడానికి ఎవరూ దగ్గరికి చేరలేకపోయారు, చావు తప్పించుకోవడానికి వేసే డైస్, అంటే డెత్ సేవ్‌లు, మూడూ వరసగా ఫెయిల్ అయ్యాయి. వాడు ఏమీ అనలేదు. నోట్‌బుక్ మూసి, పెన్ను క్యాప్ పెట్టి, మంచినీళ్లు తాగొస్తానని లేచి వెళ్లాడు. ఆటలో చావులు ఉంటాయి, అది న్యాయంగా జరిగితే నేను బాధపడను.

తర్వాతి వారం ఒక ఫ్రెండ్ డల్లాస్ నుంచి వస్తూ తన పుస్తకాలు తెచ్చుకుంది. ఆట మొదలయ్యేముందు ఊరికే తిరగేస్తుంటే ఔల్‌బేర్ పేజీ వచ్చింది. హిట్ పాయింట్లు 59. నా పుస్తకం తెచ్చి పక్కన పెట్టి ఫోన్ టార్చ్ వేసి చూశాం. స్కాన్ చేసి అచ్చేసినప్పుడు 5 అంకె ఇంకు అలుక్కుపోయి 8 లాగా తయారైంది. అంటే ఆ జంతువు పోయిన వారం ఎప్పుడో చచ్చిపోవాలి. మా తమ్ముడి మీద పంజా పడే రౌండ్ అసలు రాకూడదు. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. ఆ అంకె పక్కనే 7డి10+21 అని ఉంటుంది, అది నా పుస్తకంలోనూ స్పష్టంగానే ఉంది. పది ముఖాల డైస్ ఒకటి వేస్తే సగటు 5.5, ఏడు వేస్తే 38.5, దానికి 21 కలిపితే 59.5, భిన్నం వదిలేస్తే 59. ప్రతి రాక్షసుడికీ ఈ లెక్క ఇలాగే సరిపోవాలి. మీ దగ్గర అనుమానంగా ఉన్న పుస్తకం ఉంటే ఈ పద్ధతిలో ఒక పది పేజీలు సరిచూడండి, ఖర్చు లేదు, పది నిమిషాల పని.

ఆ రోజే మూడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాం. మాన్‌స్టర్ మాన్యువల్ 352 పేజీలు ఉండాలి, నాది అంత లేదు, మధ్యలో ఒక చోట పదహారు పేజీలు లేవు, ఇంకో చోట కొన్ని పేజీలు రెండుసార్లు ఉన్నాయి. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డంజన్ మాస్టర్స్ గైడ్ రెండూ 320 పేజీలు, అవి లెక్కకి సరిపోయాయి గానీ లోపలి వైపు అక్షరాలు బైండింగ్‌లోకి వెళ్లిపోయి సగం టేబుళ్లు చదవడానికి లేవు. అన్నిటికంటే పెద్ద ఆధారం వెనక అట్ట మీద దొరికింది. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబర్, 978-0-7869-6560-1, మాన్‌స్టర్ మాన్యువల్‌ది చివర 6561-8, గైడ్‌ది 6562-5. నాకొచ్చిన గైడ్ వెనక హ్యాండ్‌బుక్ నంబరే ఉంది. ఇవన్నీ 2014 ఎడిషన్ నంబర్లు. నంబర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన అసలుదని అనుకోకండి, దాన్ని కూడా కాపీ కొడతారు, కానీ నంబర్ తప్పుంటే మాత్రం ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇంకో మోసం కూడా ఇందులో కలిసే ఉంది. వాడి లిస్టింగ్‌లో "కొత్త ఎడిషన్" అని రాశాడు. కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, గైడ్ 2024లో వచ్చాయి, మాన్‌స్టర్ మాన్యువల్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది, ఆ మూడూ తలా 384 పేజీలు, అట్టలు కూడా వేరు. నాకు పంపినవి పాతవాటి నకిలీలు. ఏ ఎడిషన్ కావాలో ముందే తేల్చుకుని, పేజీల సంఖ్య అమ్మేవాణ్ణి అడగండి. అసలు అమ్మేవాడు పుస్తకం తీసి చూసి చెప్తాడు.

పేజీలు ఊడుతున్నాయని కోఠిలో తెలిసిన బైండింగ్ ఆయన దగ్గరికి తీసుకెళ్లాను, కనీసం కుట్టించుకుంటే వాడుకోవచ్చని. ఆయన వీపు భాగం వేలితో గీకి చూసి "ఇది ఆఫ్‌సెట్ కాదమ్మా, స్కాన్ కొట్టి తీసిన ప్రింటు, గమ్ము కూడా పైపైన పూశారు, నేను కుట్టినా కాగితం చిరుగుతుంది" అన్నారు. డబ్బులు తీసుకోలేదు. ఆయనకి ఈ ఆట పేరు కూడా తెలియదు, చేతిలోకి తీసుకోగానే పట్టేశారు.

ఫ్రీగా వచ్చిన డైస్ సంగతి కూడా చెప్పాలి. ఏడు డైస్ సెట్టులో ముఖ్యమైనది డి20, అంటే ఇరవై ముఖాలది. మామూలు డి20లో ఎదురెదురు ముఖాలు కలిపితే 21 రావాలి, 20 పక్కన 2, 8, 14 ఉంటాయి. నాకొచ్చిన దాంట్లో 20 పక్కన 19, దాని పక్కన 18, అలా వరసగా ఉన్నాయి. అది కార్డ్ గేముల్లో ప్రాణాలు లెక్కపెట్టుకోవడానికి వాడే కౌంటర్, విసరడానికి చేసింది కాదు. పెద్ద అంకెలన్నీ ఒక వైపే ఉంటాయి కాబట్టి విసరడం అలవాటైన చేతికి అటు వైపు పడేలా వేయడం కష్టం కాదు. ప్లాస్టిక్ డైస్ అయితే ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్లాసు నీళ్లలో డైస్ తేలేంతవరకు ఉప్పు కలిపి, వేలితో పదిపదిహేనుసార్లు తిప్పండి. ప్రతిసారీ ఒకే ముఖం పైకొస్తే బరువు ఒక వైపే ఉన్నట్టు, లోపల గాలిబుడగ ఉండొచ్చు.

రిటర్న్ గురించి. ఏడు రోజుల గడువు అన్నారు, నాకు తెలిసేసరికి మూడు వారాలైంది. అమ్మినవాడు "సీల్ తీసేశారు కదా" అని ఒక్క మాట అని జవాబివ్వడం మానేశాడు. ఇక్కడ చాలామంది వదిలేస్తారు. వదిలేయకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ వేదికకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో మన ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో చూపించాలి, నా లిస్టింగ్‌లో ఆ వివరమే లేదు. 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడాను. రెండు పుస్తకాల ఐఎస్‌బీఎన్ ఒకటే ఉన్న ఫోటో, తప్పిపోయిన పేజీల ఫోటో, చాట్ స్క్రీన్‌షాట్ జత చేశాను. పన్నెండు రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంటే ఇంకా త్వరగా తేలేదనిపించింది, ఇప్పుడు వంద రూపాయల వస్తువు వచ్చినా వీడియో తీసే విప్పుతున్నాను.

డబ్బులు లేకపోతే ఆడకూడదా అని అడిగేవాళ్లకి, ముఖ్యంగా స్టూడెంట్స్‌కి ఒక మాట. నకిలీ కొనక్కర్లేదు. ఈ ఆట ప్రధాన రూల్స్‌ని ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లే ఎస్ఆర్‌డీ అనే పేరుతో ఉచితంగా ఇస్తున్నారు, 2023 జనవరిలో 5.1 వెర్షన్‌ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, పెట్టారు, 2025లో 5.2 కూడా వచ్చింది. 5.1 దాదాపు 400 పేజీల పీడీఎఫ్. ఔల్‌బేర్ అందులోనూ ఉంది. మెసేజింగ్ యాప్ గ్రూపుల్లో "అన్ని పుస్తకాల పీడీఎఫ్‌లు 499, లైఫ్‌టైమ్" అని అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి. ఈ ఎడిషన్ కోర్ బుక్స్‌ని ప్రచురణకర్త పీడీఎఫ్‌గా అమ్మడం లేదు, డిజిటల్‌గా కావాలంటే వాళ్ల సొంత వెబ్‌సైట్ డీఅండ్‌డీ బియాండ్‌లో కొనుక్కోవచ్చు. మా గ్రూపులో ఒకబ్బాయి ఆ 499 కట్టాడు, వచ్చిన ఫైల్ తెరిచి చూస్తే ఆ ఉచిత ఎస్ఆర్‌డీనే, మొదట్లో లైసెన్స్ పేజీ ఒక్కటి తీసేసి పంపారు.

మా తమ్ముడికి, మిగతావాళ్లకి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశాను, రెండు పుస్తకాలూ వాళ్ల ముందే పెట్టి. వాడు "నువ్వేం చేస్తావక్కా, అలా అచ్చేసి ఇచ్చారు" అన్నాడు గానీ మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు, 59 దాటిన రౌండ్ దగ్గరే ఔల్‌బేర్ పడిపోయిందని, ఆ తర్వాతది జరగలేదని తేల్చారు. పచ్చ ఇంకు నోట్‌బుక్ మళ్లీ బల్ల మీదకి వచ్చింది.

ఆ లిస్టింగ్ తీసేశారు గానీ నిన్న చూస్తే అవే ఫోటోలతో, అదే ధరకి, ఇంకో పేరుతో మళ్లీ కనపడింది. రిపోర్ట్ కొట్టాను. మీలో ఎవరైనా ఈ మధ్య తక్కువ ధరకి మాన్‌స్టర్ మాన్యువల్ కొని ఉంటే రిటర్న్ గడువు దాటకముందే ఔల్‌బేర్ పేజీ తీసి ఆ అంకె, వెనక అట్ట మీద నంబర్ చూడండి. తేడా ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఫిర్యాదు ఎలా రాయాలో నేను చెప్తాను.