గంటస్తంభం సందుల నుంచి పార్శిళ్లు: ఆరేళ్లు పంపాక నా మాట

మా పెద్దన్నయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి అక్కడే ఉండిపోయాడు. మా అమ్మాయి హైదరాబాదులో ఉంటోంది. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల కొన్న సరుకు ఈ ఇద్దరికీ 2019 నుంచి ఇంచుమించు నెలకోసారి పంపుతున్నాను. రెండు మూడు ప్రైవేటు కొరియర్లు, పోస్టాఫీసు స్పీడ్ పోస్ట్, ఆర్టీసీ కార్గో అన్నీ వాడాను. ఏ కొరియర్ మంచిదని చాలామంది అడుగుతారు. నాకైతే పార్శిల్ కౌంటర్ చేరే ముందు జరిగే పనే ముఖ్యమనిపిస్తుంది.

ఎందుకంటే మనకి కావలసినవన్నీ ఒక్క కొట్లో దొరకవు. చింతపండు, బెల్లం ఒకచోట, పలాస జీడిపప్పు ఇంకోచోట, భీమాళి తాండ్ర మరోచోట, పొందూరు ఖద్దరు వేరే వీధిలో. మొదట్లో ఒక ప్రైవేటు కొరియర్ వాళ్లు కొట్టు దగ్గరికే వచ్చి తీసుకెళ్తామంటే సంబరపడ్డాను. సాయంత్రం ఆ సందులోకి బండి రాదు. నేను సంచులు పట్టుకుని కొట్టు ముందే నిలబడి ఉంటే, ‘వచ్చాం, తలుపు తాళం వేసి ఉంది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. అలా మూడుసార్లు జరిగాక మానేశాను.

ఇప్పుడు కిరాణా షావుకారు గారి కొట్టే నా అడ్డా. పొద్దున్న పదిలోపు, రద్దీ మొదలవకముందే, మిగతా కొట్లలో కొన్నవన్నీ తెచ్చి అక్కడ పెడతాను. ‘ఏటమ్మా, మళ్లీ అన్నయ్యకేనా?’ అంటూ ఆయనే ఖాళీ అట్టపెట్టె వెతికిస్తారు. కొట్లో కుర్రాడు టేపు వేసి, పైన గోనె కుట్టి ఆటో ఎక్కిస్తాడు. అతని చేతిలో ప్రతిసారీ ఎంతో కొంత పెడతాను. అది ఖర్చులో కలుపుకోవలసిందే. అంత శ్రద్ధగా కట్టిన పెట్టె ఇంతవరకు ఒక్కటీ విడిపోలేదు.

ఛార్జీ దగ్గర తెలుసుకోవలసింది ఒకటుంది. ప్రైవేటు కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. అసలు తూకం, ఈ లెక్క రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. నేను ఒకసారి అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు 40, 30, 30 కొలతల పెట్టెలో సర్దాను. త్రాసు మీద రెండు కిలోల పైచిలుకు. బిల్లు 7.2 కిలోలకు పడింది! కౌంటర్లో అబ్బాయితో వాదించాను కానీ అతను చెప్పిన లెక్క సరైనదే. అప్పటినుంచి అడుగున బెల్లం, చింతపండు వేసి, పైన వడియాలు సర్దుతున్నాను. అదే పెట్టె, అదే డబ్బు, లోపల నాలుగైదు కిలోల సరుకు ఎక్కువ. బూడితి కంచు గిన్నె పంపినప్పుడు దాని బోలులోనే అప్పడాల కట్ట ఒదిగిపోయింది.

నాకు బాగా బాధ కలిగించింది ఆవకాయ. వదినకి కొన్న పొందూరు చీర, ఆవకాయ సీసా ఒకే పెట్టెలో పెట్టాను. ఆ పెట్టెను ఎక్కడో తలకిందులుగా పెట్టారు. మూత చుట్టూ నూనె కారి చీరంతా పాకింది. నష్టం సంగతి అడిగితే కొరియర్ వాళ్లు రసీదు వెనక అచ్చేసిన షరతులు చూపించారు. చేత్తో వడికిన నూలు బట్ట అది, మరక పూర్తిగా పోలేదు. వదిన ఏమీ అనలేదు గానీ, ఆ చీర కట్టుకున్న ఫోటో ఇంతవరకు రాలేదు. ఆ తర్వాత బట్టతో పచ్చడి ఎప్పుడూ కలపలేదు.

ఖరగ్‌పూర్‌కి మన బస్సులు లేవు కాబట్టి బట్ట, జీడిపప్పు స్పీడ్ పోస్ట్‌లో పంపుతాను. ఐఎన్‌తో ముగిసే పదమూడు అక్షరాల నంబరు ఫోటో తీసి అన్నయ్యకి పంపిస్తే, పెట్టె ఎక్కడిదాకా వచ్చిందో ఆయన రోజూ చూసుకుంటూ ఉంటాడు. హైదరాబాదుకైతే తినేవన్నీ ఆర్టీసీ కార్గోలోనే. మా ఊరి బస్టాండు కాంప్లెక్సులో ఇచ్చి వచ్చేస్తాను, అమ్మాయి అక్కడి బస్టాండుకు వెళ్లి తెచ్చుకుంటుంది. ఇంటికే రావాలనుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. మాకు మాత్రం బాగా కుదిరింది.

గుండు జీడిపప్పు పంపేవాళ్లు డబ్బా అంచుదాకా నింపించండి. ఖాళీ ఉంటే దారిలో కదిలి కదిలి బద్దలవుతుంది, గుండు ధర పెట్టి బద్ద పంపినట్టే. తాండ్ర మే నెలలో పంపకండి, అట్టలన్నీ అతుక్కుపోతాయి.

దసరా ముందు మాత్రం జాగ్రత్త. పండగ వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ కోట నుంచి గంటస్తంభం దాకా కాలు పెట్టే చోటుండదు. నేను అన్నయ్య పెట్టెను అంతకు ముందు శుక్రవారానికే కట్టించేస్తాను, అమ్మవారి ప్రసాదం మాత్రం తర్వాత వేరేగా కవర్లో వెళ్తుంది.