ఆర్‌సీ 390, ఆర్‌ఆర్ 310, ఆర్‌ఎస్ 457: బెంగళూరులో ఉండేవారికి ఏది నప్పుతుంది?

వారంలో ఐదు రోజులు మారతహళ్లి, బెల్లందూరు వైపు ఆఫీసుకు వెళ్లివస్తూ, వారాంతం రాగానే చిత్తూరుకో అనంతపురానికో బండి మీదే ఇంటికి బయలుదేరే తెలుగువారు బెంగళూరులో చాలామందే ఉన్నారు. అలాంటివారు స్పోర్ట్స్ బైకు కొనాలనుకున్నప్పుడు ఎక్కువగా తటపటాయించేది కేటీఎం ఆర్‌సీ 390, టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310, ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 మధ్యనే. మూడింటినీ నగరంలోనూ హైవే మీదా నడిపి చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే: గరిష్ఠ హార్స్‌పవర్ ఎంతో చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకునేవారు, ఆ శక్తి ఎన్ని ఆర్‌పీఎంల (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల) దగ్గర చేతికి అందుతుందో చూడకపోతే, కొన్న నెలకే నిరాశపడతారు.

ముందు లెక్కలు చూద్దాం. ఆర్‌సీ 390లో ఉన్నది 373 సీసీల సింగిల్ సిలిండర్ ఇంజిన్. 9,000 ఆర్‌పీఎం దగ్గర 43.5 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) శక్తిని, 7,000 దగ్గర 37 ఎన్‌ఎం టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఇస్తుంది. 2017 డిసెంబరులో తొలిసారి వచ్చిన ఆర్‌ఆర్ 310కి 2024లో చేసిన మార్పుల తరువాత దాని 312 సీసీల ఇంజిన్ శక్తి 34 నుంచి 38 పీఎస్‌కు పెరిగింది, టార్క్ 29 ఎన్‌ఎంకు చేరింది. ఆర్‌ఎస్ 457 మాత్రం రెండు సిలిండర్ల బండి, 47.6 పీఎస్ శక్తి, 6,700 ఆర్‌పీఎం దగ్గరే 43.5 ఎన్‌ఎం టార్క్ దాని సొంతం. మూడు బండ్ల బరువూ 172 నుంచి 175 కిలోల మధ్యనే ఉంది కాబట్టి, బరువు వల్ల ఏ బండికీ లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆర్‌ఆర్ కంటే ఆర్‌ఎస్‌కు సగం అదనంగా ఉన్న టార్క్ మొత్తం నేరుగా రోడ్డు మీద తెలుస్తుంది.

ఎక్కడ తెలుస్తుందంటే, కేఆర్ పురం తూగు వంతెన దగ్గర సాయంత్రం ఆరింటికి తెలుస్తుంది. అక్కడ బండి ఆగదు, సాగదు. ముందున్న బస్సు పది అడుగులు కదిలితే మనమూ కదలాలి. సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే గానీ ఒక పేలుడు జరగదు. అందువల్ల ఆర్‌పీఎం బాగా పడిపోయినప్పుడు రెండో గేరులో చైన్ టకటకా కొట్టుకుంటుంది, ఎడమ చెయ్యి క్లచ్ లివర్ మీదే ఉండిపోతుంది. ఆర్‌సీలో ఈ గుణం ఎక్కువ, ఎందుకంటే ఆ ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంలలో ఉరకడానికే మలిచారు. ఆర్‌ఆర్‌లో అర్బన్ మోడ్ పెట్టుకుంటే థ్రాటిల్ స్పందన మెత్తబడి కొంత నయమనిపిస్తుంది. ఆర్‌ఎస్‌లో రెండు పిస్టన్లను క్రాంకు మీద 270 డిగ్రీల తేడాతో అమర్చారు. ఆ అసమానమైన లయ వల్ల శబ్దం వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్లున్న) ఇంజిన్‌ను తలపిస్తుంది, మూడో గేరులో నెమ్మదిగా పోతున్నా థ్రాటిల్ తిప్పగానే గింజుకోకుండా అందుకుంటుంది. ట్రాఫిక్‌లో గేర్లు మార్చే పని తగ్గడమంటే ఏమిటో మణికట్టు నొప్పితో ఆఫీసుకు చేరినవారికి వేరే చెప్పనక్కరలేదు.

వేడి సంగతి వేరు. మూడూ నిండా ఫెయిరింగ్ (ఇంజిన్‌ను కప్పే తొడుగు) ఉన్న బండ్లే కాబట్టి, సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక ఆ గాలి మోకాళ్ల కిందికి కొట్టక మానదు. ఆర్‌ఆర్ ఇంజిన్‌ను బీఎండబ్ల్యూతో కలిసి రూపొందించినప్పుడు సిలిండర్‌ను వెనక్కి వాల్చి, గాలి ముందు నుంచి లోపలికి వచ్చేలా, పొగ వెనుక నుంచి బయటికి పోయేలా అమర్చారు. దీనివల్ల ఇంజిన్ బరువు ముందు చక్రం వైపు చేరి మలుపుల్లో బండి నిలకడగా ఉంటుంది. వేసవిలో కాళ్లకు తగిలే వేడి మాత్రం దీనివల్ల తగ్గిపోతుందని ఆశించవద్దు.

కూర్చునే తీరులో అన్నింటికంటే కఠినమైనది ఆర్‌సీ. సీటు ఎత్తు 824 మిల్లీమీటర్లు, ఫుట్‌పెగ్‌లు వెనక్కి, శరీరం ముందుకు. ఐదడుగుల ఐదంగుళాలవారికి సిగ్నల్ దగ్గర మునివేళ్లే ఆనుతాయి. ఆర్‌ఎస్ సీటు 800 మిల్లీమీటర్లే. రోజూ నడపడానికి నడుము అంగీకరించేది మాత్రం ఆర్‌ఆర్. వెనుక సీటు విషయంలో మూడూ ఒక్కటే: భార్యను ఎక్కించుకుని లాల్‌బాగ్ దాకా వెళ్లవచ్చు, తిరుపతి దాకా వెళ్లాలంటే ఆమెను ముందే అడగడం మంచిది.

హైవేకి వస్తే అసలు తేడా బయటపడుతుంది. బెంగళూరు–మైసూరు యాక్సెస్ కంట్రోల్డ్ హైవే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి బైకులను రానివ్వడం లేదు. అందువల్ల ఈ బండ్లను మనవాళ్లు తీరికగా నడపగలిగేది కోలార్, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్లే దారిలోనో, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా పెనుకొండ వైపు వెళ్లే 44వ నంబరు రహదారిలోనో. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో లోడు లారీ వెనుక చిక్కుకున్నప్పుడు, ఖాళీ దొరికిన ఆ కాసేపట్లో దాన్ని దాటడానికి ఆర్‌ఆర్‌లో రెండు గేర్లు, ఆర్‌సీలో ఒక గేరు తగ్గించాల్సి వస్తే, ఆర్‌ఎస్‌లో ఉన్న గేరులోనే పని అయిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు లెక్క కాస్త తారుమారవుతుంది. బండి ఎంత వంగిందో పసిగట్టి ఏబీఎస్‌నూ, వెనుక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌నూ సర్దే ఏర్పాటు ఆర్‌సీలో ఉంది; ఆర్‌ఎస్‌లో ట్రాక్షన్ కంట్రోల్ మూడు స్థాయిల్లో ఉన్నా వంపును కొలిచే సెన్సర్ లేదు. వానలో తడిసిన మలుపులో ఈ తేడాను చిన్నదిగా చూడలేం. పెనుకొండ వైపు తిన్నని రోడ్డులో ఆర్‌ఆర్ ట్యాంకు 11 లీటర్లే కావడం, వంద దాటాక ఫుట్‌పెగ్‌లలో కంపనం తెలియడం దానికి మైనస్.

ట్రాక్ పిచ్చి ఉన్నవారి మాట వేరు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ బెంగళూరు నుంచి చెన్నై హైవే మీద ఒక్క ఉదయం ప్రయాణం, 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద తరచూ తిరగాలనుకునేవారు నగరంలో పడే బాధను ఓర్చుకుని ఆర్‌సీనే తీసుకోవాలి. క్లచ్ నొక్కకుండానే గేర్లు మార్చనిచ్చే క్విక్‌షిఫ్టర్ దానికి బండితో పాటే వస్తుంది. ఆర్‌ఆర్‌లో పై వేరియంట్‌కే ఇస్తారు, ఆర్‌ఎస్ వచ్చిన కొత్తలో దానికి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది.

ధరల లెక్కను 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మార్చేసింది. 350 సీసీల లోపు బైకులకు పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గితే, ఆ పైవాటికి సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40 శాతానికి చేరింది. 312 సీసీల ఆర్‌ఆర్‌కు ఇది కలిసొచ్చింది, మిగతా రెండూ గీతకు అవతల పడ్డాయి. ఆర్‌ఎస్ 2023 డిసెంబరులో వచ్చినప్పుడే ఎక్స్-షోరూం ధర 4.10 లక్షలు, లక్ష దాటిన బండ్లకు కర్ణాటకలో 18 శాతం జీవితకాల పన్ను ఉందని మరిచిపోయి బడ్జెట్ వేసుకుంటే ఆన్‌రోడ్ కొటేషన్ చూసి కళ్లు తిరుగుతాయి. ఆంధ్రా రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకుందామనుకునేవారు, పన్నెండు నెలలు దాటి మరో రాష్ట్రంలో ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలన్న మోటారు వాహనాల చట్టం నిబంధనను గుర్తుంచుకోవాలి.

సర్వీస్ విషయంలో టీవీఎస్‌కు సాటి లేదు. ఊళ్లో బండి మొరాయించినా దగ్గరి పట్టణంలో ఎవరో ఒకరు చూస్తారు. ఆస్ట్రియాలోని కేటీఎం సంస్థ 2024 నవంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు చాలామంది విడిభాగాల గురించి కంగారుపడ్డారు గానీ, ఆర్‌సీ తయారయ్యేది పుణె దగ్గరి చాకన్‌లోని బజాజ్ ఫ్యాక్టరీలోనే, ఆ సంస్థను ఆదుకున్నదీ బజాజే. ఏప్రిలియా బండి మహారాష్ట్రలోని బారామతిలోనే తయారైనా, దాని డీలర్లు పెద్ద నగరాలకే పరిమితం.

నా ఓటు ఆర్‌ఎస్ 457కే, అయితే నెలకు కనీసం రెండుసార్లు హైవే ఎక్కేవారికి మాత్రమే. ఆఫీసు ప్రయాణమే ప్రధానమైతే ఆర్‌ఆర్ 310 తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్ కొనుక్కోవడం తెలివైన పని. ఏది అనుకున్నా టెస్ట్ రైడ్ లేకుండా అడ్వాన్స్ కట్టవద్దు. ఒక షోరూంలో నన్ను సర్వీస్ రోడ్డు చివరిదాకా పంపి, అదే టెస్ట్ రైడ్ అన్నారు. అలా అంటే ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి. ఆదివారం పొద్దున్నే కాకుండా మిట్టమధ్యాహ్నం వెళ్లి, ఫ్యాన్ తిరిగేదాకా ట్రాఫిక్‌లో నిలబెట్టి, ఆ తరువాత రెండో గేరులో ఇరవై కిలోమీటర్ల వేగంతో క్లచ్ పట్టుకోకుండా ఒక ఫర్లాంగు నడిపి చూడండి.