పొదలకూరు రోడ్డు నర్సరీ: మొక్కలు బాగున్నాయి, చీటీలతోనే తంటా

నెల్లూరు నుంచి పొదలకూరు వెళ్లే దారిలో ఉన్న ఒక నర్సరీ సంగతి ఇది. ఓనరు మంచివాడు, అందుకే పేరు రాయడం లేదు. నేను రిటైరైన బాటనీ లెక్చరర్ని. మా నిమ్మతోట గట్టుకని గ్లైరిసిడియా, హమేలియా, మహాగని మొక్కలు, చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టు కలపడానికి ఒక సంచి సున్నం అక్కడ కొన్నాను.

మూడు రకాల చీటీల మీదా పేరు చివర 'జాక్' అని ఉంది. ఇదేంటబ్బాయ్ అని అక్కడ పనిచేసే కుర్రాణ్ణి అడిగితే, "జాక్ అంటే పనస కదా సార్, ఇవన్నీ ఆ జాతే" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. మొక్కకు శాస్త్రీయ నామం పెట్టినవాళ్ల పేరు అలా పొట్టిగా చివర రాస్తారు. ఈ 'జాక్' అంటే నికోలస్ జోసెఫ్ వాన్ జాకిన్ అనే వృక్షశాస్త్రవేత్త. 1727లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టి వియన్నాలో స్థిరపడ్డాడు. అక్కడి షాన్‌బ్రున్ రాజోద్యానానికి మొక్కలు తెమ్మని చక్రవర్తి పంపితే కరీబియన్ దీవులు తిరిగి 1759లో వెనక్కి వచ్చాడు. మన ఆయిల్‌పామ్‌కి కూడా 1763లో పేరు పెట్టింది ఆయనే.

గ్లైరిసిడియా కొమ్మలు పదికి తొమ్మిది చిగురేశాయి. దాని శాస్త్రీయ నామంలో సీపియం అంటే లాటిన్‌లో కంచెలకు చెందినదని, అంటే పేరులోనే కంచె ఉంది, పచ్చిరొట్టకీ పనికొస్తుంది. హమేలియా అయితే కవర్లో ఉండగానే పూసింది, తేనెపిట్టలు అప్పుడే మరిగాయి.

పేచీ మహాగనితోనే. అసలు మహాగనికి ఆకులు చిన్నవి, వేలెడంత. నాకిచ్చినవి అరచెయ్యంత ఉన్నాయి. అది పెద్దాకు మహాగని, మాక్రోఫిల్లా. దాని పేరు చివర ఉండాల్సింది జాక్ కాదు, దానికి ఆ పేరు పెట్టిన కింగ్ అనే ఆయన పేరు. శాస్త్రీయ నామంలో ముందుండే స్వీటెనియా అన్న ఇంటిపేరు మాత్రం రెంటికీ ఒకటే. తనను వియన్నాకు పిలిపించిన రాజవైద్యుడు వాన్ స్వీటెన్ మీద గౌరవంతో జాకిన్ పెట్టిన పేరది.

ఇక సున్నం. నీళ్లు పోస్తే బుసబుసా పొంగాలి కదా, ఉలుకూ పలుకూ లేదు. ఎన్నాళ్ల నుంచి మూతి విప్పి పెట్టారో, గాలి తగిలి చచ్చిపోయింది. ఈ సున్నం కథలోనూ జాకిన్ ఉన్నాడు, ఆయన గనుల బడిలో కెమిస్ట్రీ కూడా చెప్పాడు. సున్నపురాయిని కాలిస్తే అందులోంచి ఒక గాలి (ఇప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది) బయటికి పోతుందని స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ చెబితే, కాదు, నిప్పులోంచే ఒక ఆమ్లం సున్నంలో చేరుతుందని మేయర్ అనే జర్మన్ వాదించాడు. జాకిన్ 1769లో బ్లాక్ పక్షాన పుస్తకమే రాశాడు. మా సంచిలో సున్నం ఆ పోయిన గాలినే మళ్లీ పీల్చుకుని రాయి అయి కూర్చుంది.

ఫోన్ చేస్తే, చీటీలు మొక్కలతో పాటే వచ్చాయి సార్, కావాలంటే మార్చిస్తా అన్నాడు ఓనరు. నాటినవి పీకబుద్ధి కాక వద్దన్నాను, పెద్దాకుదీ మంచి కలపే. సున్నం మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు. మొక్కలకైతే నిక్షేపంగా వెళ్లండి, సున్నం మాత్రం బట్టీ దగ్గరే కొనుక్కోండి.