తాటాకు మీద గంటంతో రాసే కిట్ కొన్నా, 5కి 3.5 ఇస్తా

ఆన్‌లైన్‌లో తాళపత్రం కిట్ అని ఒకటి ఎప్పట్నుంచో కళ్ల ముందు తిరుగుతుంటే మొత్తానికి ఆర్డర్ పెట్టేశా. రేటు 1,450 రూపాయలు, డెలివరీ ఫ్రీ. అమ్మినవాళ్ల పేరు రాయట్లేదు, రివ్యూ సరుకు గురించే. డబ్బాలో సైజుకి కోసిన తాటాకులు 20, ఒక గంటం, చిన్న డబ్బీలో మసి, తుడవడానికి నూలు గుడ్డ, ఒక దారం, ఒక కరపత్రం ఉన్నాయి.

ఆకులు మాత్రం సూపర్. తాటాకు ఊరికే ఎండబెడితే ఎలా పెళపెళా విరుగుతుందో ఊళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇవి అలా లేవు. ఉడకబెట్టి, నీడలో ఆరబెట్టి, రుద్ది సాపు చేసినట్టున్నారు, వంచితే వంగుతున్నాయి, ఈనె మొత్తం తీసేశారు, దారం ఎక్కించడానికి బెజ్జాలు కూడా వేసే ఇచ్చారు. పూర్వం శ్రీతాళం అనే ఇంకో రకం తాటి జాతి చెట్టు ఆకుకి ఇంకా గిరాకీ ఉండేది, అది పల్చగా మెత్తగా ఉంటుంది, ఆ చెట్టు జన్మలో ఒక్కసారే పూస్తుంది, కాయలు రాలాక చచ్చిపోతుంది. ఈ కిట్‌లోది మామూలు తాటాకే, నేర్చుకోడానికి ఇది చాలు.

గంటం దగ్గరే గొడవ. పిడి బాగుంది, చేతిలో బరువు తెలుస్తోంది, కానీ మొన మరీ సూదిలా పెట్టి పంపారు, కాస్త నొక్కితే ఆకు అవతలి వైపుకి దిగుతోంది. సానరాయి మీద నాలుగుసార్లు తిప్పి మొద్దు చేసుకుంటే గానీ పనికి రాలేదు. ఇంకో సంగతి, దీన్ని పెన్నులా పట్టుకుంటే పని జరగదు. ఆకు ఎడమ చేతిలో పట్టుకుని, గంటం మొనని ఎడమ బొటనవేలి గోటికి ఆనించి, చెయ్యి కాకుండా ఆకునే మెల్లగా జరుపుకుంటూ పోవాలి. ఇది కరపత్రంలో ఒక్క ముక్క కూడా రాయలేదు, రాయాల్సింది అదే.

నేను శుక్లాంబరధరం శ్లోకం రాశా. ఆకులో పోగులు పొడుగునా ఉంటాయి కదా, గీత ఆ పోగు వెంబడే వెళ్తే చటుక్కున చీలుతుంది, గుండ్రంగా తిప్పితే మాత్రం చీలదు. మన అక్షరాలు ఇలా గుండ్రంగా తిరగడానికి తాటాకే కారణం అంటుంటారు, అదొక్కటే కారణం అని నేను ఒట్టేసి చెప్పను గానీ, ఒక ఆకు రాస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో వేలికి తెలుస్తుంది. రాస్తున్నంతసేపూ అక్షరం సరిగ్గా కనపడదు, లేత పసుపు మీద తెల్లటి గీరుడు అంతే, దీపం పక్కనుంచి పడితే కాస్త నీడ తేలుతుంది. చివర్లో మసి పూసి గుడ్డతో తుడిచాక గీతల్లో మాత్రం నలుపు నిలబడిపోయి శ్లోకం మొత్తం ఒక్కసారిగా బయటపడింది, సగం డబ్బు అక్కడే గిట్టుబాటు అయిపోయింది. తప్పు పోతే చెరపడం ఉండదు. పాత ప్రతుల్లో మాటకీ మాటకీ మధ్య జాగా కూడా వదలరు, ఆకు ఖర్చు, చోటు ఖర్చు.

ఇక కరపత్రం. 5000 ఏళ్ల కిందట ఋషులు వేదాలని తాళపత్రాల మీద రాసి భద్రపరిచారు అని రంగుల్లో అచ్చేశారు. అసలు సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. వేదం రాసి దాచింది కాదు, నోటితో నిలిచింది. పదం, క్రమం, జట, ఘనం అని అవే మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చదివించి ఒక్క స్వరం కూడా జారకుండా కట్టుదిట్టం చేశారు, రాసినది చూసి చదివేవాడిని పాణినీయ శిక్షలో, అంటే ఉచ్చారణ నేర్పే పాత పుస్తకంలో, అధమ పాఠకుల లిస్టులో వేశారు. మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ మన దేశం గురించి 1030 ప్రాంతంలో రాసిన దాంట్లో, ఈమధ్యనే కాశ్మీరంలో వసుక్రుడు అనే ఆయన వేదాన్ని రాతలో పెట్టాడు, జనం మర్చిపోతారేమోనని భయపడి రాశాడు అని ఉంది. పుణెలో భండార్కర్ సంస్థలో ఉన్న ఋగ్వేదం ప్రతుల్లో పాతది 1464 నాటిది. మరి 5000 ఏళ్ల ఆకు ఎక్కడ్నుంచి వస్తుంది, చెద పురుగు ఊరుకుంటుందా?

నిజంగా తాటాకు కథే చెప్పాలంటే శ్రీలంక కథ చెప్పాల్సింది. బుద్ధుడి మాటలు కూడా కొన్ని వందల ఏళ్లు భాణకులు అనే భిక్షువుల నోళ్లలోనే ఉన్నాయి, ఒక్కో గుంపు ఒక్కో భాగం కంఠస్థం చేసేది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో వట్టగామణి రాజు కాలంలో యుద్ధాలు, పైన ఘోరమైన కరువు, భిక్షువులు చచ్చిపోతుంటే వాళ్లతోపాటు వాళ్లకి వచ్చిన పాఠం కూడా పోతోంది. అప్పుడు మాతలె దగ్గర అలువిహార గుహల్లో కూర్చుని త్రిపిటకం, అంటే ఆ బుద్ధుడి బోధల సంపుటి, మొత్తం ఆకుల మీదకి ఎక్కించారని సంప్రదాయం. భయంతో రాశారన్నమాట, గొప్ప కోసం కాదు. ఆ మొదటి ఆకుల్లో ఒక్కటీ ఇప్పుడు లేదు, దాని నుంచి రాసిన కాపీలు, వాటి కాపీలు మిగిలాయి. 19వ శతాబ్దంలో బర్మా రాజు మిండాన్‌కి ఈ ఆకుల బాధ విసుగెత్తిందేమో, మాండలేలో 729 పాలరాతి పలకల మీద మొత్తం చెక్కించేశాడు.

అదే ఈ కిట్‌లో నాకు పెద్ద లోటు, రాయడానికి అన్నీ ఇచ్చారు, దాచడానికి ఏమీ ఇవ్వలేదు. పైనా కిందా పెట్టే చెక్కలు లేవు. దారం నైలాన్, ముడి నిలవదు, ఆకులు అటూ ఇటూ జారి బెజ్జాలు చిరుగుతున్నాయి. పూర్వం లేఖకులు రాసిన పుస్తకం చివర ఒక శ్లోకం రాసేవాళ్లు, తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్ అని, నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అని పుస్తకమే చెప్తోందట. 1,450 తీసుకుని వదులు కట్టే ఇచ్చారు! నడుము విరిగి, మెడ వంగి, చూపు నిలిచిపోయి కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకోండి అని ఇంకో శ్లోకం కూడా ఉంది, ఒక ఆకు రాసి లేచాక దాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ అనిపించలేదు.

మన ఎండకీ చెమ్మకీ ఆకు కొన్ని వందల ఏళ్లకి మించి ఆగదు, అందుకే బాగా పాతవి చల్లటి చోట దొరుకుతాయి, 810 నాటి స్కంద పురాణం ప్రతి నేపాల్లో ఉంది. ఇక్కడ బతికినవన్నీ ఎవరో ఒకరు మళ్లీ కూర్చుని రాయబట్టే బతికాయి. బ్రౌన్ దొర చేయించింది అదే, పండితులకి జీతాలిచ్చి ఊళ్లలో ఆకుల్ని పోగుచేసి కాగితం మీదకి ఎక్కించాడు. అన్నమయ్య పాటల్ని మాత్రం కొడుకు పెదతిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించాడు, తిరుమల గుళ్లో అరలో పడి ఉండి కూడా 20వ శతాబ్దం దాకా నిలిచాయి. రాగికి చెద పట్టదు మరి.

కొనొచ్చా అంటే కొనొచ్చు, ఆకుల కోసమైనా. నైలాన్ దారం పారేసి నూలు తాడు వేసుకోండి, వడ్రంగి దగ్గర ఆకు సైజుకి రెండు సన్న చెక్కలు కోయించుకోండి. లామినేషన్ చేయిద్దామని అస్సలు అనుకోవద్దు, ప్లాస్టిక్ లోపల చెమ్మ చేరితే బూజు పడుతుంది. అప్పుడప్పుడు నిమ్మగడ్డి నూనె ఒక్క చుక్క గుడ్డకి అద్ది తుడిస్తే పురుగు దగ్గరికి రాదు, ఎక్కువైతే మాత్రం దుమ్ము పట్టేస్తుంది. వాళ్లిచ్చిన మసి గరుకుగా ఉంది, ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టుకుంటే అంతకన్నా నల్లటిది ఇంట్లోనే వస్తుంది. చిన్నపిల్లలకి గిఫ్ట్ ఇద్దామనుకునేవాళ్లు మాత్రం ఆగండి, ఆ గంటం మొన వాళ్ల చేతికి ఇచ్చేది కాదు.