ఏళ్ల తరబడి చేతిలో ఉన్న ఐస్ యాక్స్: నా మాట

నా దగ్గరున్నది నిటారు పిడి, ఉక్కు తల, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న మామూలు ఐస్ యాక్స్, అంటే మంచు కొండలెక్కేవాళ్లు చేతిలో పట్టుకునే గొడ్డలి. దాని తలకు ఒకవైపు కోసుగా ఉండే కొక్కెం, రెండోవైపు వెడల్పాటి అంచు, పిడి కింది చివర మొన ఉంటాయి. పిడి మీద ‘బి’ ముద్ర ఉంది, అంటే మంచు వాలుల మీద నడకకు ఉద్దేశించిన రకం. నిలువు మంచు గోడలెక్కేవాళ్లు ‘టి’ ముద్ర ఉన్నది చూసుకోవాలి. మనాలీ పైన బియాస్ కుండ్ చుట్టుపక్కల వాలులకూ, 5,289 మీటర్ల ఫ్రెండ్‌షిప్ శిఖరానికీ నాది చాలు.

కొనబోయేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ‘జారితే ఆపుతుందా?’ అని. ఆపుతుంది. కానీ ఇన్నేళ్లలో ఇది నాకు చేసిన మేలంతా అసలు జారకుండా చూడడంలోనే ఉంది. వాలు ఎటు ఎత్తుగా ఉంటే ఆ వైపు చేతిలో పట్టుకుని, యాక్స్ తల మీద అరచేయి ఆనించి, పిడి చివరి మొనను మంచులోకి లోతుగా దింపాలి. అది గట్టిగా దిగిందని చేతికి తెలిశాకే అడుగు వేయాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ చేయి మార్చాలి. విసుగు పుట్టించే పనే, అందుకే అలసిపోయినవాళ్లు ముందుగా మానేసేదీ ఇదే.

జారాక ఆపుకోవడం వీడియోలు చూస్తే వచ్చే విద్య కాదు. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల కింద రాళ్లూ లోయలూ లేని వాలు మీద, కావాలని జారించి నేర్పుతారు. ఒక చేత్తో యాక్స్ తలను పట్టుకుంటే, దానిలో బాడిసలా వెడల్పుగా ఉండే అంచు భుజానికి ముందువైపు, మెడ ఎముక కింది గుంటలో కూర్చోవాలి. రెండో చేయి పిడి చివరి మొనను కప్పి తుంటి దగ్గర ఉండాలి. ముఖం అవతలికి తిప్పి, ఛాతీ బరువంతా కొక్కెం మీద వేయాలి. బూట్లకు క్రాంపాన్లు (అడుగున బిగించుకునే ఉక్కు పళ్ల చట్రాలు) ఉంటే మోకాళ్లు మడిచి పాదాలు పైకెత్తి ఉంచాలి. వాటి పళ్లు మంచులో తగులుకుంటే మనిషి తలకిందులుగా పల్టీ కొడతాడు. వెల్లకిలా, తల కిందికి ఉండి జారినప్పుడు కొక్కేన్ని తుంటి పక్కన గుచ్చి కాళ్లను కిందికి తిప్పుకోవాలి. దీనికే అందరికీ ఎక్కువ సాధన పడుతుంది. రెండు చేతులతోనూ నేర్చుకోండి, జారేటప్పుడు యాక్స్ మనకు నచ్చిన చేతిలోనే ఉండదు. వేగం అందుకోకముందే ఇదంతా జరిగిపోవాలి. తెల్లవారుజామున గడ్డకట్టిన గట్టి మంచు మీద కొక్కెం దిగకపోవచ్చు, దిగినా పిడి చేతిలోంచి ఊడిపోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఉక్కు తల పల్చటి గ్లౌజుల్లోంచి చలిని నేరుగా అరచేతికి పంపుతుంది. మణికట్టు పట్టీ చేయి మార్చిన ప్రతిసారీ చిరాకు పెడుతుంది, నేను తీసి పక్కన పెట్టేశాను. మాది విశాఖ కాబట్టి ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. తుడిచి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి ఉంచుతున్నాను. కొక్కెం మొద్దుబారితే చేత్తో ఆకురాయి పట్టండి. గ్రైండర్ పెడితే వేడికి ఉక్కు పదును నిలవదు. విమానంలో చెక్-ఇన్ సామానులోనే వేయాలి, మొనలకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

మొదటిసారి వెళ్లేవాళ్లు కొనకండి. మనాలీలో అద్దెకు దొరుకుతాయి. తీసుకునే ముందు తలను పట్టుకుని పిడిని అటూ ఇటూ మెలితిప్పి చూడండి. కాస్త కదిలినా వేరేది అడగండి.