మాంట్రియల్ ఐస్ అకాడమీకి నా రివ్యూ: చాక్-బేట్స్‌కి అక్కడ దొరికిందేంటి, దొరకనిదేంటి

ముందే చెప్పేస్తున్నా, నేను ఈ అకాడమీలో ఫీజు కట్టిన మనిషిని కాను. ఐస్ మీద దిగితే గోడ వదలకుండా నడిచే రకం. కానీ స్కేట్ల మీద జంటగా చేసే ఐస్ డాన్స్ పోటీలంటే పిచ్చి, రాత్రి ఎంతైనా మేలుకుని చూస్తాను. ఒక కోచింగ్ సెంటర్ ఎలాంటిదో తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, అందులో చేరినవాళ్లు చేరకముందు ఎలా ఉన్నారు, చేరాక ఎలా అయ్యారు అని చూస్తే చాలు. నేను తీసుకున్న జంట అమెరికాకి చెందిన మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్. 2018లో మిషిగన్‌లోని నోవై వదిలేసి కెనడాలోని మాంట్రియల్‌కి మకాం మార్చారు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి నోవై, కాంటన్ అంటే మంచి స్కూళ్లు, గుడి, ఇండియన్ గ్రోసరీ, వీకెండ్ బర్త్‌డే పార్టీలు. అంతవరకే తెలుసు. కానీ ఒకప్పుడు ఐస్ డాన్స్‌లో ఒలింపిక్ మెడల్ కొట్టాలంటే ప్రపంచం నలుమూలల నుంచి ఈ రెండు ఊళ్లకే వచ్చేవాళ్లు. కాంటన్‌లో ఇగోర్ ష్పిల్‌బాండ్, మరీనా జూయెవా కలిసి నేర్పేవారు. 2010 వాంకూవర్‌లో బంగారం కొట్టిన వర్చూ-మోయిర్, వెండి కొట్టిన డేవిస్-వైట్ ఇద్దరూ వాళ్ల శిష్యులే. 2012లో గురువులిద్దరూ విడిపోయారు, ష్పిల్‌బాండ్ నోవైకి వచ్చేశారు, చాక్-బేట్స్ ఆయన వెంట వచ్చారు.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇందులో పెయిర్ స్కేటింగ్‌లోలాగా అమ్మాయిని గాల్లోకి విసరడం ఉండదు, తల మీదికి ఎత్తకూడదు, పెద్ద పెద్ద జంప్‌లు ఉండవు. అమ్మాయిని ఎత్తి పట్టుకునే మామూలు లిఫ్ట్ 7 సెకన్లు దాటితే పాయింట్లు కోత. ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూ జారుకుంటూ పోయే ట్విజిల్స్ ఉంటాయి, ఇద్దరూ ఒకేసారి తిరగాలి, అక్కడే సగం మంది కొంప మునుగుతుంది. జంప్‌లు లేవు కాబట్టి ఒక జంటకీ ఇంకో జంటకీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే మోకాలు ఎంత వంగింది, బ్లేడ్ అంచు మీద ఎంత ఒరిగారు, ఇద్దరి మధ్య ఎడం ఎంత అన్న దగ్గర. అవన్నీ పైస్థాయిలో అందరికీ ఉంటాయి. అక్కణ్ణుంచి నిలబెట్టేది బాణీయే. కళ్లు మూసి తెరిచి, మొహాలు చూడకుండా ఇది ఫలానావాళ్ల డాన్స్ అని చెప్పగలగాలి.

చాక్-బేట్స్‌కి నోవైలో అది లేదు. బాగా ఆడలేదని కాదు. 2015లో షాంఘైలో ప్రపంచ చాంపియన్‌షిప్, అదే వరల్డ్స్‌లో వెండి, 2016లో బోస్టన్‌లో కాంస్యం, చిన్న విషయాలు కావు. అందమైన జంట, పొడుగు గీతలు, ఒకటికి రెండు కష్టమైన లిఫ్టులు, అన్నీ ఉన్నాయి. కానీ ఆ ప్రోగ్రాములు ఇప్పుడు చూస్తే ఆ సంగీతానికి అప్పట్లో ఎవరు చేసినా ఇంచుమించు అలాగే చేసేవారు అనిపిస్తుంది. ఆ తర్వాత జారుడు మొదలైంది. 2017 వరల్డ్స్‌లో 7వ స్థానం. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో, పోటీ రెండో భాగమైన ఫ్రీ డాన్స్‌లో స్పిన్‌లోకి వెళ్తుంటే ఒకరి బ్లేడ్ ఇంకొకరి బ్లేడ్‌కి తగిలి ఇద్దరూ కింద పడ్డారు, ఆ స్పిన్‌కి సున్నా, చివరికి 9వ స్థానం. పైగా మాడిసన్ చీలమండ దెబ్బతిని ఉంది, సీజన్ అయ్యాక ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. అమెరికాలోనే షిబుతానీ అన్నాచెల్లెళ్లు, హబ్బెల్-డోనహ్యూ జంట ఇద్దరూ చాక్-బేట్స్‌ని దాటేశారు. ఆ వయసులో, ఆ ర్యాంకులో చాలామంది రిటైర్‌మెంట్ ప్రకటించి ఐస్ షోలకి వెళ్లిపోతారు. వీళ్లు సామాన్లు సర్దుకుని మాంట్రియల్ వెళ్లారు.

ఇప్పుడు సర్వీసు సంగతి. అకాడమీ నడిపేది మరీ-ఫ్రాన్స్ డుబ్రే, పాట్రిస్ లోజోన్ అనే భార్యాభర్తలు. వాళ్లే ఒకప్పుడు కెనడా జంట, 2006, 2007 వరల్డ్స్‌లో వెండి గెలిచారు. మూడో మనిషి రొమైన్ హగెనావర్, ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి 2014లో తన శిష్యులు పాపడాకిస్-సిజెరోన్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ జంట 2014 వరల్డ్స్‌లో 13వ స్థానం, మరుసటి ఏడాది అదే పోటీలో బంగారం. అంతే, ఆ దెబ్బకి అందరి చూపూ మాంట్రియల్ మీద పడింది. రెండేళ్ల విరామం తర్వాత తిరిగొచ్చిన వర్చూ-మోయిర్ 2016లో ఇక్కడే చేరారు. 2018 ఒలింపిక్స్‌లో బంగారం వాళ్లది, వెండి పాపడాకిస్-సిజెరోన్‌ది, అంటే మొదటి రెండు ర్యాంకులూ ఒకే సెంటర్‌వి. ఇక చెప్పేదేముంది, విజయవాడలో కార్పొరేట్ కాలేజీ ముందు తల్లిదండ్రులు క్యూ కట్టినట్టు దేశదేశాల జంటలు వచ్చి చేరిపోయారు. 2022 బీజింగ్ నాటికి పోటీ పడిన జంటల్లో దాదాపు సగం ఈ సెంటర్ నుంచే.

అక్కడ ఇచ్చేవి మామూలు సౌకర్యాలు కావు. ఒక్క కోచ్ అన్నీ చూసుకునే పాత పద్ధతి కాదు. స్కేటింగ్ ఒకరు చూస్తారు, కొరియోగ్రఫీ ఇంకొకరు, బాల్‌రూమ్‌కీ నటనకీ విడిగా మనుషులు, హిప్ హాప్ లాంటివాటికి సామ్యూల్ షూయినార్ లాంటి కొరియోగ్రాఫర్. అన్నిటికన్నా పెద్ద సౌకర్యం ఏంటంటే రోజూ అదే ఐస్ మీద నిన్ను ఓడించేవాళ్లు నీ పక్క నుంచి దూసుకుపోతుంటారు. దీన్ని సౌకర్యం అనాలో టెన్షన్ అనాలో మనిషిని బట్టి ఉంటుంది. చాక్-బేట్స్ వెళ్లేసరికి హబ్బెల్-డోనహ్యూ అక్కడ మూడేళ్లుగా ఉన్నారు, అమెరికా చాంపియన్లు కూడా వాళ్లే. స్వదేశంలో మిమ్మల్ని దాటేసినవాళ్ల దగ్గరికే వెళ్లి వాళ్ల గురువుల దగ్గరే కూర్చోవడం, ఆ అహం మింగుకోవడానికి గుండె కావాలి.

మొదటి ఏడాది చూసినవాళ్లు డబ్బులు దండగ అనుకుని ఉంటారు. ఆపరేషన్ వల్ల ఆ శీతాకాలం మొదట్లో పోటీలకే రాలేదు. వచ్చాక ఫోర్ కాంటినెంట్స్ (యూరప్ బయటి దేశాల పోటీ) గెలిచారు గానీ 2019 వరల్డ్స్‌లో 6వ స్థానం. నాకు మాత్రం ఒకటి కనిపించింది. ఇదివరకు ఇవాన్ నిలువుగా ఉండేవాడు, మంచి పొడుగు కదా, పైనుంచి ఆమెని పట్టుకున్నట్టుండేది. ఇప్పుడు మోకాళ్లు కిందికి దిగాయి. ఒక అడుగు నుంచి ఇంకో అడుగుకి మారేటప్పుడు తోపు కనపడటం పోయింది, వేగం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా వస్తోంది. ఇది మాంట్రియల్ ముద్ర, అక్కడ చేరిన ప్రతి జంటలోనూ ఒకట్రెండు సీజన్లలో కనపడుతుంది. దీనికి అకాడమీకి పూర్తి మార్కులు.

అసలు రంగు 2019-20 ఫ్రీ డాన్స్‌లో బయటపడింది. ఆమె పాము, అతను ఆ పాముకి వశమైపోయే మనిషి, ఈజిప్టు తరహా సంగీతం. అప్పటికి మాంట్రియల్ అంటే పియానో, వయొలిన్, బూడిద రంగు బట్టలు, గాలిలో తేలే చేతులు, విరహం. ఆ ఊళ్లో ఈ పాము ఏంటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. చూస్తే తెలుస్తుంది, ఆమె చెయ్యి అతని భుజం మీద నుంచి మెడ వైపు పాకే తీరులో మణికట్టు చివర్న ఒక చిన్న మెలిక ఉంటుంది, అక్కడ మొహం మాత్రం అస్సలు కదలదు. లిఫ్టుల్లో ఆమెని అతను ఎత్తుతున్నట్టుండదు, ఆమే అతని చుట్టూ చుట్టుకుంటున్నట్టుంటుంది. అదివరకు కూడా ఆమె ఒళ్లు అంతే వంగేది, ఆ వంపుకి ఒక పాత్ర దొరకలేదంతే. ఆ డాన్స్‌తో 2020లో అమెరికా చాంపియన్లు అయ్యారు, సియోల్‌లో మళ్లీ ఫోర్ కాంటినెంట్స్ గెలిచారు.

ఆ తర్వాత బీజింగ్ ఒలింపిక్స్ సీజన్‌కి ఆమె గ్రహాంతరవాసి, అతను వ్యోమగామి. వినడానికి పిల్లల స్కూల్ యాన్యువల్ డే ఐటెమ్‌లా ఉందని తెలుసు. కానీ ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడానికే భయపడి, తర్వాత కుతూహలంతో, తర్వాత వదల్లేక ఉండటం నాలుగు నిమిషాల్లో నడిపారు. ఆ ఒలింపిక్స్‌లో దేశాలవారీగా జరిగే టీమ్ ఈవెంట్‌లో ఫ్రీ డాన్స్‌లో మొదటి స్థానం వాళ్లదే. విడి పోటీలో మాత్రం మూడు పాయింట్ల చిల్లర తేడాతో 4వ స్థానం, కాంస్యం పట్టుకుపోయింది హబ్బెల్-డోనహ్యూ, అంటే పక్క లాకర్ వాళ్లే. (టీమ్ మెడల్ కథ వేరే సీరియల్. రష్యా అమ్మాయి డోపింగ్ కేసు తేలి వీళ్ల వెండి బంగారంగా మారింది, చేతికి అందింది మాత్రం 2024 ఆగస్టులో పారిస్‌లో.)

2023 సైతామా వరల్డ్స్‌లో ఆమె నిప్పు. ఫ్రీ డాన్స్ మధ్యలో, కష్టమైన ఎలిమెంట్ దగ్గర కాదు, మామూలుగా పోతూ పోతూ పడింది. లేచింది, అదే పాత్రలో లేచింది, ప్రోగ్రాం ఎక్కడా తెగలేదు. పడి కూడా గెలిచారు. ఆమెకి 30, అతనికి 34, జంటగా కలిసిన 12వ సీజన్లో మొదటి ప్రపంచ టైటిల్. ఐదేళ్ల కిందట ప్యాంగ్‌చాంగ్‌లో పడినప్పుడు ఇద్దరి మొహాల్లో ప్రోగ్రాం అక్కడితో అయిపోయింది. ఈ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూడండి, అకాడమీ ఏం చేసిందో నేను ఇంత రాయక్కర్లేదు. 2024లో కోచ్‌ల సొంతూరు మాంట్రియల్‌లోనే, 2025లో బోస్టన్‌లో, వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు.

కానీ ఈ బాణీ క్రెడిట్ మొత్తం అకాడమీ ఖాతాలో వేస్తే నేను ఒప్పుకోను. పాత్రలు, బట్టలు అన్నీ మాడిసన్ బుర్రలో పుట్టినవే, వాళ్ల కాస్ట్యూమ్స్ ఆమే డిజైన్ చేసుకుంటుంది. అకాడమీ చేసిన మంచి పని అడ్డుపడకపోవడం. వచ్చి చేరినవాళ్లలో చాలామంది పాపడాకిస్-సిజెరోన్ పోతలో పోసినట్టు తయారయ్యారు. ఒక సీజన్లో వరసగా నాలుగు జంటలు అదే మెత్తని పాట, అదే వంగిన మెడ, అదే ఆగిపోయిన ఊపిరి, మధ్యలో టీ పెట్టుకుని వస్తే ఎవరు అయిపోయారో ఎవరు మొదలెట్టారో తెలిసేది కాదు. గురువు బాణీ శిష్యుల్లో కనపడటం తప్పు కాదు, కూచిపూడిలోనూ కనపడుతుంది, దానికి మనం గర్వపడతాం. పోటీలో మాత్రం అసలు ఉండగా నకలుకి మార్కులు ఎవరిస్తారు?

బాణీ కోసం మాంట్రియలే వెళ్లాలా అంటే అక్కర్లేదు. కెనడా జంట పైపర్ గిల్స్, పాల్ పోరియే టొరంటోలోని స్కార్‌బరోలో క్యారల్ లేన్ దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోయారు. వింత వింత ఐడియాలు, పాతకాలం ఫ్యాషన్లు, ఒక్కోసారి మరీ అతి. మూస అన్న మాట వాళ్ల దరిదాపులకి రాదు. 2024, 2025 వరల్డ్స్ రెండింట్లోనూ వెండి, చాక్-బేట్స్ వెనకే.

ఇంకో ఫిర్యాదు, ఇదే పెద్దది. ఒకే కోచ్ ఒకే పోటీలో ఐదారు జంటలకి ఐస్ చుట్టూ ఉండే గోడ దగ్గర నిలబడతారు. ఒక దేశం జాకెట్ విప్పి ఇంకో దేశం జాకెట్ వేసుకుని వస్తారు. ఇది మాంట్రియల్‌తో మొదలైంది కాదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో జూయెవా దగ్గర వర్చూ-మోయిర్ ఒకవైపు, డేవిస్-వైట్ ఒకవైపు ఉన్నప్పుడే ఈ గొడవంతా చూశాం. 2026 మిలాన్‌లో చాక్-బేట్స్‌కి టీమ్ బంగారం వచ్చింది. విడి పోటీలో మాత్రం రెండు పాయింట్లలోపు తేడాతో వెండి. బంగారం ఎవరికి? ఒక్క సీజన్ ముందు జతకట్టి అదే అకాడమీలో తయారైన ఫోర్నియే బోద్రీ-సిజెరోన్‌కి (ఇదివరకు పాపడాకిస్‌తో ఆడిన సిజెరోనే). పదిహేనేళ్లు కలిసి ఆడి, అందులో ఎనిమిదేళ్లు ఆ గురువులకే ఇచ్చి, చివరి రోజు నిన్ను ఓడించినవాళ్లకి కూడా ఆ గురువులే భుజం తట్టడం. ఇందులో ఎవరి మోసమూ లేదు. కానీ చేరేముందు ఫీజుతోపాటు ఇది కూడా లెక్కేసుకోవాలి.

స్కేటింగ్ నేర్పడానికి 5కి 5. కొరియోగ్రఫీకి 4, అదీ ఆ జంట నోరు విప్పి మాకిది కావాలని అడిగితేనే, అడగకపోతే 2.5. ఒక్కొక్కరి మీద పెట్టే శ్రద్ధకి 3, అంతమంది ఉన్న చోట అంతకన్నా ఆశించలేం. ఇప్పుడే జూనియర్స్ నుంచి వచ్చిన జంటకి నేనైతే చెప్పను, గుంపులో గోవిందా అయిపోతారు. ఆడి ఆడి ఒక చోట ఇరుక్కుపోయి, తమకి ఏం కావాలో తెలిసి, మోకాళ్లు మళ్లీ మొదట్నుంచి వంచడానికి సిగ్గుపడనివాళ్లు మాత్రం కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. కొత్తగా చూడాలనుకునేవాళ్లు ఒలింపిక్స్ వీడియోలతో మొదలుపెట్టకండి, 2020 ఫోర్ కాంటినెంట్స్ ఫ్రీ డాన్స్ వెతకండి, పాము అదే.