పళ్ళ సందులకు దారం, బుల్లి బ్రష్, నీటి ధార: ఆరేళ్ళు వాడాక

మైనం పూసిన ఫ్లాస్ దారం, సన్నని తీగ చుట్టూ కుచ్చు ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ (బుల్లి బ్రష్), నీటి ధార కొట్టే వాటర్ ఫ్లాసర్. ఆరేళ్ళుగా రోజూ రాత్రి వాడుతున్నవి ఈ మూడూ. ముందే తేల్చి చెప్పేస్తాను: వెనక పళ్ళకు బుల్లి బ్రష్, ముందు పళ్ళకు దారం. వాటర్ ఫ్లాసర్ ఉంటే మంచిదే గానీ ఆ రెండూ చేసే పని అది చెయ్యదు. ఏది కొన్నా సైజు కుదరకపోతే, చెయ్యి తిరగకపోతే డబ్బు దండగ.

టూత్‌బ్రష్ పంటి బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు తాకుతుంది. పన్నూ పన్నూ ఆనుకున్న చోటికి పోదు. పాచి పేరుకునేది అక్కడే. పాచి అంటే ఇరుక్కున్న మెతుకో మాంసం పీచో కాదు, పంటికి జిగురులా అంటుకుని పెరిగే సూక్ష్మజీవుల పొర. అందుకే పుక్కిలిస్తే పోదు, రాస్తేనే పోతుంది. కదపకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం పట్టి గార కడుతుంది. గార కట్టాక ఈ మూడింటిలో ఏదీ పనిచెయ్యదు, డాక్టరు పరికరంతో గీకి తియ్యాల్సిందే, దాన్నే స్కేలింగ్ అంటారు.

1965లో డెన్మార్క్‌లో హారల్డ్ లోయె అనే పరిశోధకుడి బృందం 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక ఓ వారంలో తగ్గిపోయాయి. కొత్తగా దారం పట్టేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. మొదటి వారం రక్తం చూసి చాలామంది మానేస్తారు. వాచిన చిగురు కాబట్టే రక్తం వస్తోంది, శుభ్రం చేస్తున్నకొద్దీ తగ్గుతుంది. రోజూ సరిగ్గా చేస్తే వారం నుంచి రెండు వారాల్లో దారం మీద ఎరుపు కనిపించడం ఆగిపోవాలి. రెండు వారాలు దాటినా ఒకే సందులో వస్తోందంటే లోపల చిగురు కింద గార ఉందని అనుమానించాలి. పొగతాగేవాళ్ళ విషయం వేరు. పొగాకు వల్ల రక్తనాళాలు కుంచించుకుపోతాయి కాబట్టి లోపల జబ్బు ముదురుతున్నా రక్తం అంతగా రాదు. రక్తం లేదు కదా అని వాళ్ళు నిశ్చింతగా ఉండకూడదు.

ఇంకో మాట. ఆరోగ్యమైన చిగుళ్ళు గులాబీ రంగులో ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. మనలో చాలామందికి చిగుళ్ళు పుట్టుకతోనే గోధుమరంగు, కొందరికి నలుపు. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్, జబ్బు కాదు. అందుకని రంగు చూసి భయపడొద్దు, అంచు చూడండి. రెండు పళ్ళ మధ్య చిగురు సన్నగా, మొనదేలి, గట్టిగా ఉండాలి. చాలామందికి దానిమీద బత్తాయి తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు కూడా కనిపిస్తాయి. అంచు ఉబ్బి, నున్నగా మెరుస్తూ, వేలితో నొక్కితే మెత్తగా ఉంటే అది వాపు.

దారం సంగతికి వద్దాం. ఒకసారికి 45 సెంటీమీటర్లు కావాలి, అంటే మల్లెపూలు కొలిచే మూర. 50 మీటర్ల డబ్బా రోజుకో మూర చొప్పున మూడున్నర నెలలు దాటి వస్తుంది. పొదుపు చేద్దామని జానెడు తెంపితే వేళ్ళకు చుట్టడానికి చాలదు, పైగా ఒకే ముక్కతో నోరంతా తిప్పాల్సి వస్తుంది. మూరలో ఎక్కువ భాగం ఒక చేతి మధ్యవేలికి చుట్టి, రెండో చేతి మధ్యవేలికి రెండు మూడు చుట్లు చాలు. మధ్యలో అంగుళం వదలండి. పై పళ్ళకు బొటనవేలు, చూపుడువేలు. కింది పళ్ళకు రెండు చూపుడువేళ్ళూ దారాన్ని నడపాలి. ఒక్కో సందుకూ ఒక వేలి నుంచి విప్పుతూ రెండో వేలికి చుట్టుకుంటూ పోతే ప్రతిచోటా కొత్త దారమే పడుతుంది.

దింపడంలోనే చాలామంది చెయ్యి తప్పుతుంది. పళ్ళు బిగువుగా ఆనుకున్న చోట గట్టిగా నొక్కితే దారం టక్కున జారి చిగురును కోస్తుంది. రోజూ అదే చోట అలా జరిగితే చిగురులో సన్నటి చీలిక పడుతుంది. రంపం లాగినట్టు అటూ ఇటూ ఆడిస్తూ దింపాలి. బిగువు దాటాక రంపం ఆపెయ్యాలి. దారాన్ని ఒక పంటి వైపు లాగి, పంటిని కౌగిలించుకున్నట్టు వంచి, చిగురు అంచు కిందికి మెత్తగా తగిలేదాకా తీసుకెళ్ళి, పైకీ కిందికీ నాలుగైదుసార్లు రాయండి. తర్వాత మధ్య చిగురు మీదుగా దాటించి పక్క పంటికి అలాగే. చాలామంది దారం దించి, పైకి లాగేసి, అయిపోయిందనుకుంటారు. దానివల్ల ఇరుక్కున్న పీచు వస్తుందేమో గానీ పాచి అలాగే ఉంటుంది. 28 పళ్ళున్న నోట్లో సందులు 26, రాయాల్సిన పక్కలు 56. చివరి దవడపళ్ళ వెనక వైపు నాలుగూ అందులో కలిసే ఉన్నాయి, అందరూ వదిలేసేవీ అవే. చెయ్యి తిరిగాక మొత్తానికి నాలుగు నిమిషాలు పడుతుంది.

వెనక పళ్ళ దగ్గర లాగిన దారాన్ని ఒకసారి వాసన చూడండి. ఏ సందు నుంచి వచ్చిన ముక్క కుళ్ళు వాసన వేస్తుందో, ఇన్నాళ్ళూ వదిలేసిన సందు అదే. అద్దంలో కనబడని సంగతి దారం చెబుతుంది.

దారం పోగులు పోగులుగా చీలితే వెంటనే దారాన్ని తిట్టుకోవద్దు. అన్ని సందుల్లోనూ చీలుతుంటే మైనం ఉన్నదో, నాన్‌స్టిక్ పెనం పూత లాంటి నున్నటి పీటీఎఫ్‌ఈ రకమో తీసుకోండి. ఒకే సందులో చీలుతుంటే మాత్రం అక్కడ గార గానీ, పిప్పి గానీ, బయటికి పొడుచుకొచ్చిన పాత ఫిల్లింగ్ అంచు గానీ ఉండొచ్చు. రోజూ అన్నం ఒకే చోట ఇరుక్కోవడం కూడా అలాంటి గుర్తే, ఆ రెండు పళ్ళూ ఆనుకోవడం మానేశాయని అర్థం. తాత్కాలిక క్యాప్ ఉన్నచోట దారాన్ని పైకి లాగకండి, క్యాప్ ఊడొస్తుంది. ఒక కొస వదిలేసి పక్కకు లాగెయ్యండి. పోయిన పన్ను చోట పక్క పళ్ళకు కలిపి కట్టిన బ్రిడ్జి ఉన్నవాళ్ళకు మామూలు దారం దిగదు. ఒక కొస గట్టిగా పుల్లలా, మధ్యలో స్పాంజిలా ఉండే సూపర్‌ఫ్లాస్ అడగండి.

దారానికి ఒక పరిమితి ఉంది. పైదవడలో కోరపన్ను తర్వాత వచ్చే మొదటి చిన్న దవడపన్నును తీసుకోండి. దాని వేరు ముందువైపు పక్క చదునుగా ఉండదు, నిలువుగా గాడి పడి ఉంటుంది. చిగురు కాస్త దిగిందంటే ఆ గాడి బయటపడుతుంది. బిగించి పట్టిన దారం గాడి రెండు గట్లనూ తాకుతూ దాటిపోతుంది, గాడిలో పాచి కదలదు. బుల్లి బ్రష్ కుచ్చు అక్కడ విచ్చుకుని లోపలికి పోతుంది. వెనక పళ్ళకు బ్రష్షే మేలని నేను అనేది ఇందుకే. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కొక్రేన్ సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష కూడా చిగుళ్ళ వాపు తగ్గించడంలో దారం కంటే ఇంటర్‌డెంటల్ బ్రష్ మెరుగు కావచ్చనే అంది, అయితే ఆధారాల బలం తక్కువని కూడా చెప్పింది.

బ్రష్‌కు సైజే ప్రాణం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌వో) లెక్కలో 0 నుంచి 8 దాకా అంకెలుంటాయి. 0 సైజు 0.6 మి.మీ. సందులో దూరుతుంది, 2 సైజు 1 మి.మీ. దగ్గర, 4 సైజు 1.5 మి.మీ. దాకా. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి రంగు చూసి కొనకండి. ఇంకో చిక్కు: కొన్ని ప్యాకెట్ల మీద 0.5, 0.6 అని ఉండేది లోపలి తీగ మందం, సందు వెడల్పు కాదు. మొదటిసారి రెండు మూడు సైజులు కలిపిన ప్యాకెట్ కొని, చిన్నదానితో మొదలుపెట్టండి. తీగ పంటికి గీసుకోకూడదు, కుచ్చు మాత్రం కొంచెం బిగువుగా రాసుకుంటూ పోవాలి. ఏమీ తగలకుండా జారిపోతే పెద్ద సైజు కావాలి. తోస్తే గానీ పోకపోతే చిన్నది కావాలి, అదీ దూరకపోతే అక్కడ దారమే. ఒక నోటికి ఒకే సైజు సరిపోవడం అరుదు, రెండు రకాలు పెట్టుకోవాల్సి వస్తుంది.

బుగ్గ వైపు నుంచి దూర్చి, కుచ్చు పొడవంతా నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ. పై పళ్ళకు మొన కాస్త కిందికి, కింది పళ్ళకు కాస్త పైకి ఉంటే చిగురుకు గుచ్చుకోదు. దవడపళ్ళ దగ్గర నోరు బార్లా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి ఆడదు, సగం మూసి చూడండి. తీగ విరిగేది ఎక్కువగా లోపల ఉండగా మెలిపెట్టడం వల్ల. పేస్ట్ పెట్టకండి, అందులోని రాపిడి పొడి మెత్తటి వేరును అరగదీస్తుంది. ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను) ఉన్నవాళ్ళు ప్లాస్టిక్ పూత ఉన్న తీగే వాడాలి. వాడాక కడిగి, నీళ్ళు విదిల్చి, మూత పెట్టకుండా ఆరనివ్వండి. కుచ్చు చెదిరినా తీగ వంగినా పారెయ్యడమే, రోజూ వాడితే వారం పది రోజులకు ఆ స్థితి వస్తుంది. ఖర్చులో దారం కంటే ఇది ఎక్కువ, అది ఒప్పుకోవాలి.

వాడకం మొదలుపెట్టిన ఒకటి రెండు నెలలకు పళ్ళు ఎడమైనట్టు, సందులు పెరిగినట్టు అనిపిస్తుంది. బ్రష్ వల్లే వదులయ్యాయని చాలామంది ఇక్కడ ఆపేస్తారు. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయనే భయం కూడా ఇలాంటిదే. వాచిన చిగురు సందును నింపి ఉంచింది, వాపు దిగాక అసలు సందు బయటపడింది. స్కేలింగ్‌లో అయితే సందును పూడ్చిన గార పోతుంది. అప్పుడు చెయ్యాల్సింది బ్రష్ సైజు ఒక అంకె పెంచడం. పాత సైజుతోనే కొనసాగితే కుచ్చు గాలిలో ఆడుతుంది, నెలకల్లా రక్తం మళ్ళీ మొదలవుతుంది.

వాటర్ ఫ్లాసర్ గురించి ఎక్కువ చెప్పను. బ్రేసులు, బ్రిడ్జి, ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకు, వేళ్ళు సరిగ్గా ఆడని పెద్దవాళ్ళకు నిజంగా ఉపకారం. ఇరుక్కున్నవి బాగా ఊడ్చేస్తుంది, చిగుళ్ళ రక్తం కూడా తగ్గిస్తుంది. జిగురు పాచిని రాసి తీసే పని మాత్రం దానికి రాదు. తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ధార చిగురు అంచుకు అడ్డంగా తగిలేట్టు పట్టుకోండి, నేరుగా చిగురులోకి పొడవకండి. బోరు నీళ్ళు పోస్తే కొన్ని నెలలకే నాజిల్‌లో తెల్లగా ఉప్పు పేరుకుని ధార వంకరపోతుంది. నెలకోసారి వెనిగర్ ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు కలిపి నడిపి, తర్వాత మంచినీళ్ళతో కడగాలి. ఫిల్టర్ నీళ్ళయితే ఈ బాధ తక్కువ.

విల్లులాంటి ఫ్లాస్ పిక్‌లు ప్రయాణంలో పనికొస్తాయి. వాటి దారం బిగుతుగా ఉంటుంది కాబట్టి పంటి చుట్టూ వంగదు, ఒకే ముక్క నోరంతా తిరుగుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల మాత్రం వద్దే వద్దు.

ఎప్పుడు చెయ్యాలంటే రాత్రి, బ్రష్ చేసే ముందు. సందులు ఖాళీ అయ్యాక ఫ్లోరైడ్ పేస్ట్ లోపలికి పోతుంది. తోమాక నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలెయ్యండి. డాక్టరు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే పేస్ట్‌కూ దానికీ అరగంట ఎడం ఇవ్వండి, చెప్పిన రోజులకు మించి వాడకండి. ఆ మౌత్‌వాష్ ఎక్కువ రోజులు వాడితే, ముఖ్యంగా టీ, కాఫీలు తాగేవాళ్ళకు, పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇది ఇంకా గట్టిగా పట్టుకోవాలి. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు కష్టమవుతుంది. బీపీకి ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవాళ్ళలో కొందరికి చిగురు పంటి మీదికి పెరుగుతుంది. మీ అంతట మీరు మందు ఆపకండి, రాసిన డాక్టరుకు చూపించండి. చీము, పన్ను కదలడం, ఒక్కచోటే తగ్గని రక్తం ఉంటే ఇంట్లో దారంతో సరిపెట్టుకోవద్దు. డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు పంటికీ చిగురుకూ మధ్య లోతును ప్రోబ్ అనే గీతలున్న సన్నని కొలత పుల్లతో కొలిచి, ఏ పంటికి ఎంతో కాగితం మీద రాసివ్వమని అడగండి. 3 మి.మీ. దాకా మామూలే, 4 నుంచి జాగ్రత్త పడాలి. ఆ కాగితం దాచుకుని ఆర్నెల్ల తర్వాత మళ్ళీ కొలిపించి, 4 ఉన్నవి 3 అయ్యాయా, 3 ఉన్నవి అలాగే ఉన్నాయా అని పన్ను పన్నుకూ చూడండి. తగ్గని చోట ఇంటికొచ్చాక బ్రష్ సైజు మరోసారి సరిచూసుకోండి.